శిలాజ నేలల నుంచి పాత వాతావరణాన్ని రాబట్టడం ఎలా?

శిలాజ నేలలు అనగానే చాలామంది విద్యార్థులు ముందు సూత్రాల కోసం వెతుకుతారు. సున్నపు గడ్డలు ఇంత లోతులో ఉంటే వర్షపాతం ఇంత, అల్యూమినా ఇంత ఉంటే ఉష్ణోగ్రత ఇంత అని. కాలిక్యులేటర్ మీద ఆ లెక్క పది నిమిషాల పని. ఆ లెక్క వేసే అర్హత మీ నమూనాకు ఉందా లేదా అని తేల్చుకోవడమే మిగతా పనంతా. ఎదురుగా ఉన్నది నిజంగా నేలేనా? అందులోని సున్నం వాన వల్ల చేరిందా, భూగర్భ జలం వల్ల చేరిందా? పైన పేరుకున్న రాళ్ల బరువుకు అది ఎంత నలిగింది? వీటికి జవాబు చెప్పుకోకుండా వచ్చిన మిల్లీమీటర్లకు విలువ లేదు. అందుకే ఈ మార్గదర్శి ఎక్కువగా ఫీల్డ్‌లోనే తిరుగుతుంది.

శిలాజ నేల అంటే ఒకప్పుడు పైకి తెరుచుకుని ఉండి, ఎండావానలు, వేళ్లు, పురుగులు తమ పని చేసుకుపోయిన నేల. తర్వాత వరద ఒండ్రో, గాలి దుమ్మో, లావానో దాన్ని కప్పేసింది. శాస్త్రవేత్తలు పేలియోసాల్ అంటారు. 1941లో నేల శాస్త్రవేత్త హాన్స్ జెన్నీ నేల తయారీకి ఐదు కారకాలు చెప్పాడు: వాతావరణం, జీవులు, నేల వాలు, మూల పదార్థం, కాలం. మన పద్ధతంతా దీని మీదే నడుస్తుంది. మిగతా నాలుగూ పెద్దగా మారలేదని చూపించగలిగితేనే నేలలో కనిపించే తేడాను వాతావరణం ఖాతాలో వేయగలం.

1. ప్రశ్న రాసుకోండి, తర్వాత చోటు వెతకండి

"ఇక్కడ పాత వాతావరణం ఎలా ఉండేది" అన్నది ప్రశ్న కాదు. "80 లక్షల ఏళ్ల క్రితం నుంచి 50 లక్షల ఏళ్ల క్రితం దాకా ఈ మైదానంలో చెట్లు తగ్గి గడ్డి పెరిగిందా" అన్నది ప్రశ్న. మొదటిదానితో ఫీల్డ్‌కు వెళ్తే సంచుల నిండా రాళ్లతో తిరిగొస్తారు, అంతే.

శిలాజ నేలలు బాగా దొరికేవి మూడు చోట్ల. ఒకటి, నదులు ఏటేటా ఒండ్రు వేసిన పాత వరద మైదానాలు. హిమాలయాల పాదాల దగ్గర శివాలిక్ రాళ్లు, పాకిస్తాన్‌లోని పొట్వార్ పీఠభూమి, మన ఉమ్మడి ఆదిలాబాద్‌లో ప్రాణహిత-గోదావరి లోయలోని ట్రయాసిక్ కాలపు (20 కోట్ల ఏళ్లకు పైబడిన) మలేరి ఎర్రమట్టి రాళ్లు ఈ కోవకు చెందినవి. రెండు, గాలి తెచ్చిన దుమ్ము పేరుకున్న చోట్లు: చైనా లోయెస్ పీఠభూమి, కశ్మీర్ కరేవాల పైభాగం. మూడు, లావా దొంతరల మధ్య చిక్కిన ఎర్రటి మట్టి పట్టీలు. దక్కన్ లావాలో వీటిని రెడ్ బోల్స్ అంటారు.

కొత్తవాళ్లు రెడ్ బోల్స్‌తో మొదలుపెట్టకపోవడం మంచిదని నా అభిప్రాయం. ఎర్రగా, అందంగా, ఘాట్ రోడ్డు పక్కనే కనిపిస్తాయి కాబట్టి అందరి చూపూ ముందు వాటి మీదే పడుతుంది. కానీ పైనుంచి పారిన లావా వేడికి వాటి రంగు, బంకమట్టి ఖనిజాలు మారిపోయి ఉండొచ్చు. వాటిలో కొన్ని అసలు నేల కాదు, అగ్నిపర్వత బూడిద మారి అలా అయింది. ఒండ్రు నేలలతో చెయ్యి తిరిగాక అటు వెళ్లండి.

అనుమతి సంగతి ముందే చూసుకోండి. భీమునిపట్నం దగ్గరి ఎర్రమట్టి దిబ్బలు రక్షిత భూవారసత్వ స్థలం, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కాయి. అక్కడ కళ్లతో చూడాలే గాని సుత్తె తీయకూడదు.

2. అది నేలేనని రుజువు చేయండి

ఎర్రగా ఉన్న ప్రతి దొంతరా నేల కాదు. మూడు గుర్తులు వెతకాలి: వేళ్ల జాడలు, నేల పొరలు, నేల కట్టుబడి.

వేళ్ల జాడలే అన్నిటికన్నా బలమైన సాక్ష్యం. వేరు కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంది, కొమ్మలు వేస్తుంది. పురుగు తొలిచిన బొరియ మొదటి నుంచి చివరి దాకా దాదాపు ఒకే లావు ఉంటుంది. ఎర్రమట్టిలో వేరు కుళ్లిన చోట చుట్టూ ఇనుము విడిచిపోయి, బూడిద పచ్చ రంగు గొట్టం లాంటి మచ్చ మిగులుతుంది. అడ్డంగా పగలగొడితే ఎర్రటి రాయిలో నాణెమంత గుండ్రటి పాలిపోయిన మచ్చ, దాని నడిమధ్య సన్నటి నల్లటి గీత కనిపిస్తాయి. అది కనిపిస్తే సగం పని అయినట్టే.

రెండోది పొరలు. గుర్తు పెట్టుకోవాల్సిన నియమం ఒకటుంది: నేల పై అంచు తెగ్గోసినట్టు ఉంటుంది, కింది అంచు మెల్లగా కరిగిపోతుంది. పైన వేళ్లతో నిండిన ఎ పొర, కింద బంకమట్టో సున్నమో చేరిన బి పొర, దాని కింద పెద్దగా మారని మూల పదార్థం. రెండు అంచులూ పదునుగా ఉంటే అది వరద వేసిన మామూలు ఒండ్రు దొంతర అయ్యే అవకాశం ఎక్కువ.

మూడోది కట్టుబడి. ఇది పట్టుబడాలంటే రేగడి చేలో తవ్విన గోతిని ఒకసారి చూడండి. ఎండాకాలం నెర్రెలు బారి, వానాకాలం ఉబ్బి, మట్టి గడ్డలు ఒకదానిమీద ఒకటి రుద్దుకుని, వాలుగా మెరిసే నున్నటి తలాలు ఏర్పడతాయి. వాటి మీద సన్నటి గీతలు కూడా కనిపిస్తాయి. కోట్ల ఏళ్ల నాటి మట్టిరాయిలో అవే వాలు తలాలు, పైనుంచి పడ్డ మట్టితో నిండిన అవే నెర్రెలు కనిపిస్తే, తడి కాలం, పొడి కాలం విడివిడిగా ఉండే వాతావరణమని ఏ యంత్రం అక్కర్లేకుండానే చెప్పొచ్చు. ఒక్క జాగ్రత్త. భూమి కదలికల వల్ల కూడా రాళ్లలో నున్నటి తలాలు ఏర్పడతాయి. అవి పక్క దొంతరల్లోకీ కొనసాగుతాయి, రేగడివి ఆ ఒక్క నేలకే పరిమితం.

3. తవ్వి, కొలిచి, రాయండి

గడ్డపార, పార, సుత్తె, టేపు, భూతద్దం, నీళ్లు చల్లే సీసా, డ్రాపర్ సీసాలో పది శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం, మట్టి రంగును పోల్చి చూసే మన్సెల్ రంగుల పుస్తకం, జిప్ కవర్లు. ఇవి చాలు.

పైకి కనిపించే ముఖాన్ని నమ్మకండి. ఈనాటి ఎండావానలకు అది కొత్తగా చివికి ఉంటుంది, ఈనాటి చెట్ల వేళ్లు దూరి ఉంటాయి. తాజా రాయి తగిలేదాకా లోపలికి తవ్వి, పై నుంచి కింది దాకా ఒక నిలువు గాడి తీయండి. ఎంత లోపలికి అన్నది రాయిని బట్టి ఉంటుంది. గడ్డలు చేత్తో నలిగితే ఇంకా తవ్వాలి.

నేల పై అంచును సున్నాగా పెట్టుకుని కిందికి కొలవండి. ప్రతి పది సెంటీమీటర్లకు తడి రంగు, మట్టి మెత్తదనం, వేళ్లు, మచ్చలు, ఆమ్లం చుక్కకు నురగ ఎంత వచ్చిందో (నురగ వస్తే సున్నం ఉన్నట్టు) రాయండి. రంగు ఎప్పుడూ ఒకే వెలుతురులో చూడాలి. సాయంత్రం పూట ప్రతి నేలా ఎర్రగానే కనిపిస్తుంది.

సున్నపు గడ్డలు మొదట కనిపించిన లోతును ప్రత్యేకంగా రాయండి, తర్వాతి లెక్కకు అదే ఆధారం. వాన నీరు మట్టిలోకి ఎంత దూరం దిగి ఆగిపోతుందో సున్నం దాదాపు అక్కడ పేరుకుంటుంది. వాన తక్కువైతే పైనే, ఎక్కువైతే లోతుగా. సుమారు వెయ్యి మిల్లీమీటర్లు దాటితే సాధారణంగా సున్నం పూర్తిగా కొట్టుకుపోతుంది.

ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. గడ్డలు మూడు రకాలు. నేలలోనే పుట్టినవి బి పొరలో చెల్లాచెదురుగా, వేళ్ల చుట్టూ ఉంటాయి, వాటి అంచులు చుట్టూ ఉన్న మట్టిలో కలిసిపోతాయి. భూగర్భ జలం పోసినవి దట్టంగా, పలకలుగా, తరచూ ఇసుక దొంతరల్లోకి కూడా పాకుతాయి, పైన ఎ పొర జాడే ఉండదు. మూడో రకం, పాత నేల కోతకు గురై వాగులో దొర్లి వచ్చి చేరినవి. మలేరి రాళ్లలో ఇలాంటి సున్నపు గులకలతోనే ఏర్పడ్డ దొంతరలు ఉన్నాయి. అవి దొర్లి గుండ్రంగా, ఒకే సైజుకు ఏరినట్టు ఉంటాయి. వాటి లోతు కొలిచి వర్షపాతం చెప్పడం అర్థం లేని పని. అన్నట్టు మలేరిలో ఇంకో తిరకాసు ఉంది. అక్కడ జంతువుల పేడ శిలాజాలు కూడా బాగా దొరుకుతాయి, దూరం నుంచి అవీ గడ్డల్లాగే కనిపిస్తాయి. పగలగొట్టి లోపల చూడనిదే సంచిలో వేసుకోకండి.

ఆ దొంతర వెంట పక్కకు కూడా నడవండి. ఒకే కాలపు నేల వాగుకు దగ్గరగా ఒక రకంగా, మిట్ట మీద ఇంకో రకంగా ఉంటుంది. ఆ తేడా వాలుది, వాతావరణానిది కాదు.

4. నమూనాలు తీయండి

కింద నుంచి పైకి తీయండి. పై నుంచి మొదలుపెడితే రాలిన మట్టి కింది నమూనాల్లో కలుస్తుంది. రసాయన విశ్లేషణకు ప్రతి పొర నుంచి అరకిలో లోపు మట్టిరాయి చాలు. మూల పదార్థం నుంచి ఒకటి తప్పనిసరి, అది లేకపోతే ఏం మారిందో పోల్చడానికి ఆధారమే ఉండదు. ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల) కొలత కోసం గడ్డలను పై అంచు నుంచి కనీసం 30 సెంటీమీటర్ల కింద, వీలైతే అర మీటరు కింద తీసుకోండి. పైపైన ఉన్న గడ్డల్లోకి బయటి గాలి కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా చొరబడుతుంది. సంచి మీద, లోపలి చీటీ మీద రెండు చోట్లా నంబరు రాయాలి. మార్కర్ సిరా ఎండకు, తడికి చెరిగిపోతుంది.

5. ల్యాబ్‌లో ముందు చూడాల్సింది

యంత్రానికి ఇచ్చే ముందు సూక్ష్మదర్శినికి ఇవ్వండి. రాయిని పలుచటి పలకగా కోయించి చూస్తే, గడ్డలో సున్నం పిండిలా మెత్తగా ఉందా, పెద్ద పెద్ద మెరిసే స్ఫటికాలుగా ఉందా తెలుస్తుంది. మెత్తటిది నేలలో పుట్టింది. పెద్ద స్ఫటికాలు తర్వాత, పూడుకుపోయాక ఏర్పడినవి. ఐసోటోపు కొలతకు దంతవైద్యులు వాడే లాంటి చిన్న డ్రిల్‌తో మెత్తటి భాగాన్ని మాత్రమే గీకాలి. కావలసింది ఒక మిల్లీగ్రాము కన్నా తక్కువే, కాబట్టి తొందరపడి గడ్డ మొత్తం నూరేయకండి.

మట్టిరాయి పొడిని ఎక్స్‌ఆర్‌ఎఫ్‌కు (ఎక్స్ కిరణాలతో మూలకాలను కొలిచే యంత్రానికి) పంపితే ఆక్సైడ్ల శాతాలు వస్తాయి. హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ), అహ్మదాబాద్‌లోని పీఆర్‌ఎల్ (భౌతిక పరిశోధన ప్రయోగశాల), లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ లాంటి చోట్ల ఇలాంటి విశ్లేషణలు జరుగుతుంటాయి. గైడ్ ద్వారా ముందే మాట్లాడుకోవాలి.

6. వర్షపాతం, ఉష్ణోగ్రత లెక్క

మొదటి దారి సున్నపు గడ్డల లోతు. గ్రెగరీ రెటలాక్ 2005లో ఇచ్చిన సూత్రం ఇది:

వార్షిక వర్షపాతం (మి.మీ.) = 137.24 + 6.45 × లోతు − 0.013 × లోతు × లోతు

లోతు సెంటీమీటర్లలో. పొరపాటు అంచనా ±147 మి.మీ. ఫీల్డ్‌లో కొలిచిన లోతు నేరుగా వేయకూడదు. కిలోమీటర్ల మందం రాళ్ల కింద నేల నలిగి పలుచబడుతుంది, కాబట్టి ఎంత లోతున పూడిందో అంచనా వేసి, నలగక ముందటి మందానికి పెంచాలి. ఫీల్డ్‌లో 60 సెం.మీ. ఉన్నది దిద్దుబాటు తర్వాత 70 అయిందనుకుందాం. లెక్క వేస్తే 525 మి.మీ. అంటే ఇవాళ్టి అనంతపురం దరిదాపుల్లో. పొరపాటు కలిపితే 378 నుంచి 672 దాకా ఎంతైనా కావచ్చు. నేల పై భాగం కోతకు పోయి ఉంటే అసలు లోతు ఇంకా ఎక్కువ, అంటే మీ అంకె తక్కువ అంచనా అన్నమాట.

గడ్డలు ఏ దశలో ఉన్నాయో కూడా చూడాలి. సున్నం ముందు దారాల్లా మొదలై, తర్వాత గడ్డలు కట్టి, చివరికి పలకగా బిగుస్తుంది. ఈ దశలను 1966లో న్యూ మెక్సికో నేలల మీద వర్గీకరించారు. సూత్రం బాగా పనిచేసేది గడ్డల దశలోనే.

రెండో దారి రసాయనం. వాన ఎక్కువైతే కాల్షియం, సోడియం కొట్టుకుపోతాయి, అల్యూమినియం మిగులుతుంది. దీన్ని కొలిచే సూచిక పేరు సీఐఏ-కె. పొటాషియాన్ని కావాలనే వదిలేశారు, ఎందుకంటే పూడిపోయాక రాళ్లలోకి పొటాషియం బయటి నుంచి చేరుతుంది.

సీఐఏ-కె = 100 × అల్యూమినా ÷ (అల్యూమినా + కాల్షియం ఆక్సైడ్ + సోడియం ఆక్సైడ్)

వర్షపాతం = 221.12 × ఇ^(0.0197 × సీఐఏ-కె), పొరపాటు ±182 మి.మీ. ఇక్కడ ఇ అంటే 2.718.

శాతాలను మోల్స్‌గా మార్చాకే వేయాలి. లెక్క చూపడానికి నేను వేసుకున్న అంకెలివి: బి పొరలో అల్యూమినా 16 శాతం, కాల్షియం ఆక్సైడ్ 1.2, సోడియం ఆక్సైడ్ 1.0, పొటాషియం ఆక్సైడ్ 2.2. అణుభారాలు 101.96, 56.08, 61.98, 94.20తో భాగిస్తే వరుసగా 0.1569, 0.0214, 0.0161, 0.0234. సీఐఏ-కె 80.7. వర్షపాతం 1,084 మి.మీ. సున్నపు గడ్డలున్న పొరకు ఈ సూత్రం వాడకండి. ఆ కాల్షియం అంతా లెక్కలోకి వచ్చి, తడి ప్రాంతాన్ని కూడా ఎడారిలా చూపిస్తుంది.

రేగడి తరహా శిలాజ నేలలకు విడిగా ఒక సూచిక ఉంది, కాల్‌మ్యాగ్. సోడియం బదులు మెగ్నీషియం ఆక్సైడ్ వేస్తారు. 2010లో నార్ట్, డ్రీస్ ఇచ్చిన సూత్రం: వర్షపాతం = 22.69 × కాల్‌మ్యాగ్ − 435.8, పొరపాటు ±108. రేగడి అని తేలాక సీఐఏ-కె వైపు వెళ్లాల్సిన పని లేదు.

ఉష్ణోగ్రతకు కూడా ఒక సూత్రం చలామణిలో ఉంది: 17.298 − 18.516 × ఎస్. ఎస్ అంటే సోడియం, పొటాషియం ఆక్సైడ్ల మొత్తాన్ని అల్యూమినాతో భాగిస్తే వచ్చేది. పై అంకెలకు ఎస్ 0.25, ఉష్ణోగ్రత 12.6 డిగ్రీలు, పొరపాటు ±4.4. ఒక్కసారి ఆగి సూత్రాన్నే చూడండి. ఎస్ సున్నా కన్నా తగ్గదు. అంటే ఎంత వేడి ప్రదేశమైనా ఈ సూత్రం 17.3 డిగ్రీలు దాటి చెప్పలేదు. హైదరాబాద్ వార్షిక సగటే 26 డిగ్రీల పైన ఉంటుంది. ఉష్ణమండలపు నేలలకు దీన్ని వాడి "ఆ రోజుల్లో చల్లగా ఉండేది" అని రాయడం అంటే సూత్రం పరిమితిని వాతావరణంగా చూపించడమే.

ఉష్ణోగ్రతే కావాలంటే మెరుగైన దారి క్లంప్డ్ ఐసోటోపులు. సున్నంలో బరువైన కార్బన్, బరువైన ఆక్సిజన్ ఎంత తరచుగా జతకట్టాయన్నది అది ఏర్పడిన వేడిని బట్టి ఉంటుంది. ఈ ఉష్ణమాపకాన్ని 2006లో ప్రసేన్‌జిత్ ఘోష్, జాన్ ఐలర్ బృందం ప్రకటించింది. అయితే నేలలో సున్నం చాలాచోట్ల వేడిగా, పొడిగా ఉండే నెలల్లోనే పేరుకుంటుంది. వచ్చే అంకెను ఏడాది సగటుగా కాక ఆ నెలల ఉష్ణోగ్రతగా చదువుకోవాలి.

7. కార్బన్ చెప్పేది

మొక్కలు రెండు ప్రధాన పద్ధతుల్లో కార్బన్ పట్టుకుంటాయి. వరి, కంది, వేరుశనగ, దాదాపు అన్ని చెట్లు సీ3. జొన్న, సజ్జ, మొక్కజొన్న, చెరకు, వేడి ప్రాంతాల గడ్డి చాలావరకు సీ4. సీ3 మొక్కల కార్బన్ ఐసోటోపు విలువ (బరువైన కార్బన్ ఒక ప్రమాణంతో పోలిస్తే ఎంత తక్కువో చెప్పేది) సుమారు −27 పర్ మిల్ (వెయ్యికి వంతులు), సీ4ది −13 దరిదాపుల్లో. వేళ్లు వదిలిన కార్బన్ డయాక్సైడ్‌తో గడ్డ తయారవుతుంది. ఆ క్రమంలో విలువ 14 నుంచి 17 దాకా పైకి జరుగుతుంది. కాబట్టి గడ్డలో −11 వస్తే అడవి లేదా సీ3 పొదలు, +1 వస్తే సీ4 గడ్డిమైదానం. −5 వస్తే దాదాపు సగం సగం.

పొట్వార్ శివాలిక్ నేలల్లో క్వేడ్, సెర్లింగ్, బోమన్ 1989లో చేసింది ఇదే. సుమారు 74 లక్షల ఏళ్ల క్రితం దాకా గడ్డల విలువలు −9 నుంచి −12 మధ్య ఉండి, ఆ తర్వాత సున్నా వైపు ఎగబాకాయి. ఆక్సిజన్ ఐసోటోపులూ మారాయి. దీన్ని వాళ్లు రుతుపవనాలు బలపడటంగా చదివారు. 1993లో సెర్లింగ్, వాంగ్, క్వేడ్ ఉత్తర అమెరికాలోనూ అదే కాలం చుట్టూ అలాంటి మార్పే చూపించి, గాలిలో కార్బన్ డయాక్సైడ్ తగ్గడమే కారణం కావచ్చన్నారు. గడ్డల్లోని అంకెలు మారలేదు, వాటి వివరణ మారింది. గడ్డి పెరిగిందన్నది కొలత, రుతుపవనం మారిందన్నది వ్యాఖ్యానం. మీ నోట్‌బుక్‌లో ఈ రెండూ వేర్వేరు పేజీల్లో ఉండాలి.

మలేరి లాంటి ట్రయాసిక్ నేలలకు ఈ గడ్డి లెక్క పనికిరాదు, అప్పటికి సీ4 మొక్కలే లేవు. అక్కడ అదే విలువ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను అంచనా వేయడానికి పనికొస్తుంది. అందులో తెలియని రాశి ఒకటుంది: గడ్డ ఏర్పడేటప్పుడు మట్టిలో వేళ్లు, సూక్ష్మజీవులు వదిలిన కార్బన్ డయాక్సైడ్ ఎంత? దీన్ని చాలాకాలం ఎక్కువగా ఊహించారు. 2010లో బ్రెకర్ బృందం పొడి కాలంలో అది చాలా తక్కువని చూపించాక, పాత అంచనాలు బాగా కిందికి దిగాయి. పాత పేపర్లలోని అంకెలు తీసుకునేటప్పుడు ఈ రాశి ఎంత వేశారో ముందు చూడండి.

8. ఒక నేల చాలదు

ఒక్క నేల ఒక్క కాలపు వాతావరణం చెబుతుంది. మార్పు చెప్పాలంటే ఒకదానిపై ఒకటి వరుసగా నేలలు కావాలి, వాటి వయసు తెలియాలి. నేలకు నేరుగా వయసు కట్టడం కష్టం, అందుకే పక్కన ఉన్నవి వాడుకుంటారు. శివాలిక్‌లో రాళ్లలో నిలిచిన అయస్కాంత దిశలు ఆధారం, ఎందుకంటే భూమి అయస్కాంత దిశ తలకిందులైన కాలాలు మనకు తెలుసు. కొన్నిచోట్ల బూడిద దొంతర ఉంటుంది. నంద్యాల జిల్లా జ్వాలాపురంలో 74,000 ఏళ్ల నాటి టోబా (సుమత్రాలోని అగ్నిపర్వతం) బూడిద కనిపిస్తుంది. దాని కిందిది అంతకన్నా పాతది, పైది కొత్తది, సందేహం లేదు.

చైనా లోయెస్ పీఠభూమిలో దాదాపు 26 లక్షల ఏళ్ల వరుస ఉంది. చలి, పొడి కాలంలో దుమ్ము, వెచ్చటి తడి కాలంలో నేల, మళ్లీ దుమ్ము. నేల పొరల్లో అయస్కాంత స్పందన పెరుగుతుందని, అది వాతావరణ వరుసను చూపుతుందని 1984లో హెల్లర్, లియు చూపించారు. నేలలో పుట్టే అతి సన్నటి అయస్కాంత ఖనిజాలే దీనికి కారణమని తర్వాత తేలింది. చేతిలో పట్టుకునే మీటరుతో ఫీల్డ్‌లోనే కొలవొచ్చు కాబట్టి వరుస పొడవుగా ఉన్నప్పుడు ఇది చాలా కలిసొస్తుంది.

వరుస గీసుకున్నాక అన్నిటికీ పొరపాటు గీతలు పెట్టండి. 700 నుంచి 800 మి.మీ.కు మారిందని కనిపిస్తే, ±147 పొరపాటుతో అది మార్పు కాదు. ఒకే తరహా నేలలు ఒకే దిశగా చాలా వరుసగా జరిగితేనే ఏదైనా అనండి. ఆపైన వాతావరణం కాని కారణాలు ఒక్కొక్కటిగా కొట్టేయండి. నది దారి మార్చుకుందా? అయితే ఇసుక దొంతరలూ మారతాయి. మూల పదార్థం మారిందా? టైటానియం, అల్యూమినియం నిష్పత్తి చూడండి, ఒకే మూలమైతే అది పెద్దగా కదలదు. ఒండ్రు వేగంగా పేరుకుందా? అయితే నేలలు పలుచగా, పచ్చిగా ఉంటాయి, సున్నం దారాల దశలోనే ఆగిపోతుంది.

9. రాసేటప్పుడు

ప్రతి అంకె పక్కన ఏ పొర, ఏ లోతు, ఏ సూత్రం, నలుగుడు దిద్దుబాటు ఎంత, పొరపాటు ఎంత అన్నవి ఉండాలి. రెండు పద్ధతులు వేర్వేరు జవాబులిస్తే సగటు తీసి దాచకండి, రెండూ చూపించి ఏది ఎందుకు నమ్ముతున్నారో చెప్పండి. పక్కన పెట్టిన నేలల జాబితా, కారణాలు కూడా ఇవ్వండి. జీపీఎస్ వివరాలు, తవ్విన ముఖం ఫొటోలు స్కేలుతో సహా జత చేయండి. మిగిలిన నమూనాలను కనీసం పేపర్ అచ్చయ్యేదాకా పారేయకండి. సమీక్షకులు మళ్లీ కొలవమని అడిగేది సాధారణంగా మీరు బయట పడేసిన ఆ ఒక్క సంచినే.